జోడుబండలు

"లాంగ్ రేసులోంచి నీ పేరు తీసేశారమ్మా," అన్నాడు వరహాలరావు మాస్టారు.

స్వర్ణ, ఆశ్రమ పాఠశాల వరండా మెట్ల మీద కూర్చుని బూటు లేసు ముడి వేసుకుంటోంది. సగం వేసిన ముడిని వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని తలెత్తి చూసింది. మాస్టారు ఆమె మొహంలోకి చూడలేదు. మైదానంలో ఎగురుతున్న రంగురంగుల దేశాల జెండాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకండీ?"

"నువ్వు ఆ కొండ మనిషివి కదా. పోటీ జరిగే చోటికి ఆడేవాళ్ళెవరూ ముందుగా ఎల్లకూడదు. ఎల్లొచ్చినోళ్ళు ఆడకూడదు. అది రూలు."

"నేను పుట్టిందే అక్కడండీ."

"అదేనమ్మా తంటా."

వరహాలరావు సాలూరు మనిషి. డ్రిల్లు మాస్టారుగా ఏజెన్సీకి బదిలీ అయి వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. చేతిలో మ్యాపు, కంపాస్ పట్టుకుని, అడవిలో అక్కడక్కడా కంట్రోళ్ళ పేరుతో కట్టిన జెండాలని వరసగా వెతుక్కుంటూ పరిగెత్తే ఈ ఓరియంటీరింగ్ ఆటని స్వర్ణకి నేర్పింది ఆయనే. ఆ ఆటకి అంతర్జాతీయ పోటీలు ఈ డిసెంబరులో అరకులో పెడుతున్నారని తెలిసిన రోజు, ఆయన స్కూలు గంట తనే కొట్టి పిల్లలందరినీ బయటికి పిలిచాడు. ఆతిథ్యం ఇచ్చే దేశం కాబట్టి మన వాళ్ళకి రెండో జట్టు కూడా ఇచ్చారు. ఆ రెండో జట్టులో ముగ్గురమ్మాయిలు: విశాఖపట్నం నుంచి సుజానా, రాజవొమ్మంగి నుంచి నిర్మల, ఇక్కడి నుంచి స్వర్ణ.

"మరి నిన్న స్ప్రింటు ఆడనిచ్చారు కదండీ," అంది స్వర్ణ.

"స్ప్రింటు అరకు వీధుల్లో. రిలే అనంతగిరి రోడ్డులో, పైన్ చెట్ల తోటలో. ఆ రెండింటికీ అడ్డు లేదు. లాంగ్ ఒక్కటే మీ కొండ మీద."

లాంగ్ రేసు ఒక్కటే ఆమె ఆడదలచుకున్న రేసు. స్ప్రింటు ఆమె ఆట కాదు. సందులు, గోడలు, మెట్లు, మలుపులు. ఊపిరి తీసుకునే లోపలే అయిపోతుంది. గంటన్నర పాటు వాగులు, గెడ్డలు దాటుతూ, గట్లు ఎక్కుతూ, దారి తనే ఎంచుకుంటూ పరిగెత్తాలంటే లాంగే. ఆ రేసు కోసమే ఆమె కాలేజీ సెలవలన్నీ పాడేరు అవతలి కొండల్లో మాస్టారి వెనక తిరిగింది.

"నా పేరు ఇచ్చినప్పుడు తెలీదేటండీ?"

"ఊరు అరకు అని రాశారు. అరకంటే బస్టాండనుకున్నారు. నిన్న సాయంత్రం ఎవరో విదేశీ కెప్టెన్ ఆ పుస్తకం చదివి అడిగాడంట, ఈ అమ్మాయి మేకలు కాసిన కొండ ఏదీ అని."

ఆ పుస్తకం పోటీల కార్యదర్శి సర్వేశ్వరరావు గారు వేయించింది. నున్నటి కాగితం మీద స్వర్ణ ఫోటో పెద్దగా వేసి, కింద 'ఈ కొండల్లో మేకలు కాస్తూ పెరిగిన ఆదివాసీ బిడ్డ' అని రాయించారు. అదే ఫోటో బస్టాండు దగ్గర గుడ్డ బ్యానరు మీద కూడా ఉంది. ఆ ఫోటో తీయడానికి వచ్చినవాడు, బూట్లు విప్పేసి నిలబడమని అడిగాడు. మాస్టారు ఒప్పుకోలేదు.

స్వర్ణ లేసు ముడి వేసింది. విప్పింది. మళ్ళీ వేసింది. తర్వాత లేచి మైదానం చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టింది. 

*

ఆ మధ్యాహ్నం సర్వేశ్వరరావు గారు జీపు పంపించి ఆమెని కొండ కిందికి రప్పించారు.

తమ ఊరు తుమ్మిగుడ దాటాక కొండ దారి మొదలయ్యే చోట, అటు పనస చెట్టుకీ ఇటు కరెంటు స్తంభానికీ ఎర్రటి ప్లాస్టిక్ తాడు కట్టి ఉంది. తాడు ఇవతల పసుపు టోపీలు పెట్టుకున్న కాలేజీ కుర్రాళ్ళు నలుగురు నిలబడ్డారు. వాళ్ళకీ ఇవతల, బుట్టలు పట్టుకుని ఊరి ఆడవాళ్ళు. స్వర్ణ జీపు దిగుతూనే వాళ్ళలో తల్లిని చూసింది. రత్నాలు నడుముకి గోనె గుడ్డ బిగించి కట్టుకుంది. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో అలాగే కడుతుంది.

"రామ్మా, మంచి పని చేశావు," అన్నారు సర్వేశ్వరరావు గారు. హైదరాబాదు మనిషి. చెడ్డవాడు కాదు. ఎండకి మొహం కందిపోయి ఉంది, పొద్దున్నుంచి భోజనం చేసినట్టు లేదు. "మీ వాళ్ళకి మీ భాషలో కాస్త చెప్పు. పైన జెండాలు కడుతున్నారు. ఒక్కటి కదిలినా రేసు మొత్తం రద్దు చేయాలి. రెండు రోజులు కొండెక్కొద్దని చెప్పు. ఊరి పెద్దలకి ముందే చెప్పాం, సరేనన్నారు."

"ఏ పెద్దలకండీ?"

ఆయన సర్పంచి పేరు చెప్పారు. సర్పంచి ఉండేది అరకులో. ఆయనకి కాఫీ చెట్లు లేవు.

స్వర్ణ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒంటి మీద పోటీల చొక్కా ఉంది, మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతోంది. ఆ కార్డుని ఎడమ చేత్తో మూసి పట్టుకుంది. ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పాలనుకుంది గానీ, మొదటి మాట తెలుగులోనే వచ్చింది.

"అమ్మా, రెండ్రోజులు పైకి ఎల్లకూడదంట."

రత్నాలు ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. "ఏటే, నువ్వూ ఈల్లతోటే నిలబడ్డావా?"

"నేను నిలబడనేదు. సెప్పమన్నారు, సెప్తన్నాను."

"మబ్బు సూసేవా? పళ్ళు నల్లబడి రాలిపోతన్నాయి. నేల మీద పడ్డ పండు ఎవులు కొంటారు?"

"జెండాలు కడతన్నారమ్మా."

"మేము జెండాలు పీకుతామేటి? ఆటికీ మాకూ పనేటి? మా పళ్ళు మేము కోసుకుంటాం, ఆల్ల పరుగు ఆల్లు పరిగెడతారు." వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె, పరిగెత్తేవాళ్ళు అడ్డం వస్తే తనే పక్కకి తప్పుకుంటానంది. పసుపు టోపీ కుర్రాళ్ళలో ఒకడు కూడా నవ్వాడు.

స్వర్ణకి నవ్వు రాలేదు. తల్లి చెప్పింది నిజమే. సర్వేశ్వరరావు గారు చెప్పిందీ నిజమే. జెండా చెదిరిపోయి రేసు చెడడం ఆమె ఒకసారి చూసింది. పరిగెత్తి పరిగెత్తి వచ్చిన ఆడపిల్లలు నేల మీద కూలబడి ఏడ్చారు. రెండు నిజాల మధ్య ఈ తాడు కట్టారు. కట్టే ముందు ఒకరినే అడిగారు.

"ఎల్లుండి కోసుకోవచ్చమ్మా. అనంతగిరి పరుగయ్యాక నేనూ వత్తాను కోయడానికి."

"మరి రేపు ఈ కొండ మీద నీకు పరుగు నేదేటి?"

"రేపు నేదు. నన్నూ ఎల్లొద్దన్నారు."

రత్నాలు బుట్టని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నిన్ను? నిన్నెందుకు?"

"మన కొండ కదా. నాకు దారి తెలుసని."

రత్నాలు తాడు వైపు చూసింది, కార్డు మీదున్న కూతురి చెయ్యి వైపు చూసింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, తమ మాటల్లో ఆడవాళ్ళతో ఏదో అంది. వాళ్ళు ఒకరొకరే బుట్టలు తల మీద బోర్లించుకుని ఊళ్ళోకి నడిచారు. రత్నాలు చివర్న వెళ్తూ, నడుము దగ్గర మూట విప్పి, ఆకులో చుట్టిన రాగుల చోడి రొట్టె కూతురి చేతిలో పెట్టింది.

"థాంక్యూ అమ్మా," అన్నారు సర్వేశ్వరరావు గారు. "నువ్వు చెప్పబట్టి విన్నారు."

తను చెప్పబట్టి కాదని స్వర్ణకి తెలుసు. 

*

మరునాడు లాంగ్ రేసు. స్వర్ణని ఫినిష్ గీత దగ్గర మంచినీళ్ళ బల్ల మీద పెట్టారు.

లాంగ్‌లో అందరినీ ఒకేసారి వదలరు. ఒకరి వెనక ఒకరు పోయి తోవ తెలుసుకోకుండా, ఎడం ఇచ్చి ఒక్కొక్కరినీ పంపుతారు. గంట మోగుతుంది, ఒక అమ్మాయి మ్యాపు అందుకుని చెట్లలోకి మాయమవుతుంది. కాసేపటికి మళ్ళీ గంట. గంట మోగిన ప్రతిసారీ స్వర్ణ మడమలు నేల మీంచి లేచాయి. గ్లాసులు నింపింది. నిండిన గ్లాసుల్ని వరసగా సర్దింది. వరస బాగుండలేదని మళ్ళీ సర్దింది. బల్ల చుట్టూ తిరిగింది. పక్కన పనిచేస్తున్న కుర్రాడు, "అక్కా, కూర్చోండి, అందరూ రావడానికి చాలా టైముంది," అన్నాడు. కూర్చుంది. కూర్చున్నాక మోకాలు ఆడుతూనే ఉంది.

కొండ అక్కడే, ఎదురుగా, వలిసె పూల పసుపు వెనకాల ఉంది. సగం పొగమంచులో. ఇప్పుడెవరో తెలియని పిల్ల గెడ్డ దాటుతూ ఉంటుంది. ఎక్కడ దాటుతుంది? రాళ్ళున్న చోటా, జారుడు చోటా? ఎవరూ అడగని ప్రశ్నలకి స్వర్ణ తనలో తనే జవాబులు చెప్పుకుంటూ ఆ పొద్దంతా గడిపింది.

నిర్మల వచ్చేసరికి పిక్కలు గీసుకుపోయి, మోచెయ్యి మట్టి కొట్టుకుని ఉంది. గీత దాటి, గ్లాసు మీద గ్లాసు తాగి, నోరు తుడుచుకోకుండానే మొదలుపెట్టింది.

"స్వర్ణా, ఏం కొండే అది! మొదటి కంట్రోలు దగ్గరే దెబ్బ తినేశాను. తర్వాత ఓ లోయ ఉంది చూడు, నిట్టనిలువు, దాని పక్కనుంచి ఎక్కితే..." చేతులతో గాలిలో కొండని గీస్తోంది. సగంలో ఆగిపోయింది. "నీకు చెప్తున్నాను చూడు."

"సెప్పు," అంది స్వర్ణ. "నేనూ వినాలి కదా."

రేసు అయ్యాక మ్యాపులు ఎవరివి వాళ్ళకిచ్చేశారు. సాయంత్రం, మెట్ల మీద, నిర్మల మ్యాపుని స్వర్ణ ఒళ్ళో పరుచుకుని చూసింది. ఆమె తన కొండని కాగితం మీద చూడటం అదే మొదలు. గోధుమ రంగు గీతలు ఒకదానిలో ఒకటి సుళ్ళు తిరిగి ఉన్నాయి. నీలం గీతలు గెడ్డలు. ఆకుపచ్చ ముదిరే కొద్దీ అడవి చిక్కన. దేవత ఉండే తోపు మీద అడ్డంగా ఊదారంగు గీతలు కొట్టి ఉన్నాయి. అటు ఎవరూ వెళ్ళకూడదని. అది చూసి కొంచెం నెమ్మదించింది. ఊరు చివర నల్లటి చుక్కల్లో తమ ఇల్లు ఏదో వెతికింది. రెండు చుక్కల మధ్య తేల్చుకోలేకపోయింది.

"పేర్లు లేవేటి?" అంది.

"ఏ పేర్లు?"

"గెడ్డ పేరు, గట్టు పేరు."

"ఈ మ్యాపుల్లో ఎప్పుడూ ఉండవు కదే. నీకు తెలీనట్టు."

తెలుసు. ఎన్నో మ్యాపులు చూసింది. కానీ అవన్నీ ఎవరివో కొండలు. పేరుండాలన్న సంగతే ఎప్పుడూ తోచలేదు.

*

వాళ్ళు మెట్ల మీద ఉండగానే వరహాలరావు మాస్టారు గబగబా వచ్చాడు.

"రేపు బంద్ అంట. రోడ్డు మీద కాగితాలు అంటించేరు. అనంతగిరి వైపు ఒక్క బండీ కదలదు, పోలీసులు వద్దనేశారు."

"రిలే ఉండదా మరి?" అంది సుజానా లోపలి నుంచి.

"అదే మాట్లాడుతున్నారు. భోజనాల హాల్లో."

హాలు కిటికీ బయట ముగ్గురూ నిలబడి విన్నారు. లోపల అన్ని దేశాల కెప్టెన్లు బెంచీల మీద కూర్చున్నారు. పోటీలు రూలు ప్రకారం జరుగుతున్నాయో లేదో చూడటానికి వచ్చిన పొడుగాటి విదేశీ ఆవిడ మధ్యలో నిలబడి నెమ్మదిగా ఇంగ్లీషులో మాట్లాడుతోంది. బస్సులు లేకుండా నడిచి వెళ్ళగలిగిన చోటు ఒక్కటే ఉంది, ఈ కొండ. దీని మీద నిన్నటిదాకా ఎవరూ అడుగు పెట్టకూడదన్నాం. ఈరోజు అందరూ పరిగెత్తారు. ఇక అది ఎవరికీ కొత్త కాదు. కొత్త జెండాలతో రిలే ఇక్కడే పెడదాం.

ఒక కెప్టెన్ చెయ్యెత్తి ఏదో అడిగాడు. "ఆ పుస్తకంలో అమ్మాయి" అన్న మాట స్వర్ణకి అర్థమయింది. విదేశీ ఆవిడ భుజాలెగరేసి, అందరి వైపూ చూసింది. అడిగినాయనే నవ్వి, ఎవరి ఇంటి దగ్గర వాళ్ళు ఆడుకోవడం తప్పేమీ కాదన్నాడు. చేతులు లేచాయి. అయిపోయింది.

నిర్మల స్వర్ణ వీపు మీద చరిచింది. "ఇంకేటి! మనకి పతకమే!"

బయటికి వస్తున్న సర్వేశ్వరరావు గారు వాళ్ళని చూసి ఆగారు. నిన్నటి అలసట మొహంలో లేదు. "చూశావామ్మా, దేవుడున్నాడు. రేపు పేపరు వాళ్ళని పిలిపిస్తున్నాను. మీ ఊరి వాళ్ళందరినీ రమ్మను. ఫినిష్ దగ్గర నిలబెడదాం." ఒక అడుగు వేసి వెనక్కి తిరిగారు. "మీ అమ్మగారిని కూడా."

ఆడే అవకాశం వచ్చింది. సంతోషించాలి. స్వర్ణ పడుకునేదాకా వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూనే ఉంది. మాస్టారు ఒక్క మాటే అన్నాడు: "రిలేలో ఒకే అంచెలో ఉన్నోళ్ళందరికీ ఒకే కంట్రోళ్ళు ఉండవు, గుర్తుందా? ఒకరిదొకరు చూసి పరిగెత్తకుండా పక్కపక్కనే వేరే వేరే పెడతారు. జెండా దగ్గరి పెట్టె మీద నంబరు చూసుకో, నీ మ్యాపు మీద నంబరు చూసుకో. రెండూ ఒకటైతేనే కడ్డీ గుచ్చు."

"గుర్తుందండీ."

"నీకు గుర్తుంటాది. నీ కాళ్ళకి కూడా చెప్పు."

*

తుమ్మిగుడ మొత్తం దిగి వచ్చింది. పోటీల చొక్కాలు, కెమెరాలు, విదేశీ జెండాల మధ్య ఊరివాళ్ళు పొలం గట్టు వెంట బారులు తీరారు. తండ్రి సోంబరు తెల్ల తలపాగా చుట్టుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. రత్నాలు ఒక పక్కగా, చేతులు కట్టుకుని నిలబడింది.

రిలేలో మొదటి అంచె వాళ్ళని మాత్రం అందరినీ ఒకేసారి వదులుతారు. గంట మోగగానే గుంపు దుమ్ము లేపుకుంటూ పొలం దాటింది. సుజానా అందులో ఎక్కడో మధ్యన ఉంది. స్వర్ణ రెండో అంచె, నిర్మల ఆఖరు. అంచెలు మారే కంచె లోపల స్వర్ణ ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది. వేలికి తొడిగిన చిన్న కడ్డీని మాటిమాటికీ తడిమి చూసుకుంది. జెండా దగ్గరుండే పెట్టె కన్నంలో ఆ కడ్డీ గుచ్చితే కీచుమంటుంది. ఎక్కడెక్కడ గుచ్చారో, ఏ వరసలో గుచ్చారో అన్నీ ఆ కడ్డీలోనే ఉంటాయి. ఒక్క కంట్రోలు తప్పినా, వరస తప్పినా జట్టు మొత్తం పోటీలో లేనట్టే.

సుజానా ఐదో మనిషిగా వచ్చింది. చెయ్యి తగిలింది. స్వర్ణ మ్యాపు లాక్కుని పరిగెత్తింది.

మొదటి రెండు కంట్రోళ్ళ దాకా మాస్టారు నేర్పినట్టే చేసింది. మ్యాపు మడత పెట్టి, బొటనవేలు ఉన్నచోట ఉంచి, చూసి, పరిగెత్తి, మళ్ళీ చూసి. నంబరు చూసింది, గుచ్చింది. గెడ్డ చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఏమయిందో ఆమెకే సరిగా తెలియదు. కాళ్ళు ముందే తిరిగిపోతున్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య, మిరియాల తీగల కింద, కాఫీ మొక్కల వరసల్లో ఎక్కడ వంగాలో వీపుకి తెలుసు. ఆకులు జారే వాలు మీద ఏ వేరు పట్టుకోవాలో చేతికి తెలుసు. ముందు పరిగెడుతున్న ఒక విదేశీ అమ్మాయి దారి మధ్యలో ఆగి కంపాస్ తిప్పుకుంటుంటే, పక్కనుంచి దాటేసింది. ఇంకో ముగ్గురు తుప్పల్లోంచి బయటికి వచ్చేలోపు వాళ్ళనీ దాటేసింది. తన ఊపిరి తనకే సంతోషంగా వినపడింది. రెండ్రోజులుగా లోపల ఆడుతున్నదంతా కాళ్ళలోకి దిగింది.

ఆరో కంట్రోలు కొండ గట్టు మీద, బండ పక్కన. మ్యాపు మీద బండకి గుర్తుగా పెట్టిన నల్లటి చుక్క చూసిందో లేదో, తలలో పేరు మోగింది. జోడుబండలు. చుట్టూ తిరగకుండా నేరుగా గట్టెక్కింది. నాచు పట్టిన పెద్ద బండ, దాని నీడలో నారింజ, తెలుపు రంగుల జెండా. బండ మీద చెయ్యి ఆనించి, కడ్డీ గుచ్చింది. కీచుమంది. దిగిపోయింది.

ఏడు, ఎనిమిది. అడవి అయిపోయింది. వెలుతురు ఒక్కసారి కళ్ళలో పడింది. వలిసె పొలం, పొలం అవతల జనం. ఆమె ముందు ఎవరూ లేరు.

"స్వర్ణే! మన గుంటే!" అని ఎవరో అరిచారు. ఊరు ఊరంతా అరిచింది. డప్పు మోగింది. తండ్రి తలపాగా విప్పి గాలిలో తిప్పుతున్నాడు. సర్వేశ్వరరావు గారు కెమెరా వాళ్ళని ముందుకి తోస్తున్నారు.

పొలం గట్టున ఆఖరి కంట్రోలు. అక్కడ వంగింది. పెట్టె మీద నంబరు చూసింది, మ్యాపు మీద నంబరు చూసింది. రెండూ ఒకటే.

చెయ్యి ఆగిపోయింది.

జోడుబండల దగ్గర ఈ పని చేసిందా? ఏడు దగ్గర చూసింది. ఎనిమిది దగ్గర చూసింది. అక్కడి నాచు గుర్తుంది, బండ చల్లదనం అరచేతికి గుర్తుంది, కీచుమనడం గుర్తుంది. నంబరు గుర్తు లేదు. మ్యాపు విప్పి కళ్ళ దగ్గర పెట్టుకుంది. చెమట చుక్క కాగితం మీద పడింది. ఆరో కంట్రోలుకి గీసిన వలయం మధ్యలో ఒక నల్లచుక్క. దాన్ని ఆనుకుని, దాదాపు అంటుకుని, ఇంకో నల్లచుక్క.

రెండు బండలు. పుట్టినప్పటి నుంచి ఆమెకి అది ఒకటే చోటు. కలుద్దాం రండి అంటే జోడుబండల దగ్గరికి రమ్మనే. ఏ బండ అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

సరైనదే అయి ఉండొచ్చు. సగం అవకాశం ఉంది. వెనక్కి వెళ్తే ఆరు నుంచి మళ్ళీ అన్నీ వరసగా గుచ్చుకు రావాలి. ఎదురుగా గీత, కేకలు, డప్పు. గీతకి ఇవతల కంచెలో నిర్మల రెండు చేతులూ చాపి ఎగురుతోంది. తను తప్పు గుచ్చి ఉంటే, నిర్మల ఈ కొండంతా ఎక్కి దిగి వచ్చాక ఎవరో వచ్చి నువ్వు పరిగెత్తింది లెక్కలో లేదని చెబుతారు.

స్వర్ణ వెనక్కి తిరిగింది.

డప్పు ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోయింది. "ఇటే! ఇటే స్వర్ణా!" అని అరిచారు. "బేగి రాయే!" అని తల్లి గొంతు. దారి తప్పిందనుకుని ఇద్దరు ముగ్గురు గట్టు దిగి పొలంలోకి పరిగెత్తబోతే, పసుపు టోపీ కుర్రాళ్ళు పట్టుకున్నారు. సర్వేశ్వరరావు గారు చేతులు నెత్తి మీద పెట్టుకున్నారు. వరహాలరావు మాస్టారు మాత్రం నిలబడ్డచోటే నేల మీద గొంతుక్కూర్చుని, కొండ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎక్కుతుంటే, ఇందాక దాటేసిన అమ్మాయిలు ఎదురుగా దిగుతూ కనిపించారు. ఒకామె ఆశ్చర్యంగా చూసి దాటిపోయింది. గట్టు మీద ఊపిరి అందక, బండకి ఆనుకుని చూసింది. ఇందాక గుచ్చిన పెట్టె మీది నంబరు ఆమెది కాదు. పక్క బండ చుట్టూ తిరిగింది. అవతలి వైపు, చెయ్యి చాస్తే అందే ఎడంలో, ఇంకో జెండా. ఇది ఆమెది.

గుచ్చింది. కీచుమంది. ఒక్క క్షణం రెండు బండల మధ్య నిలబడింది. ఇక్కడ ఇంత ఎడం ఉందని ఆమెకి తెలియదు. ఒక మనిషి నిలబడేంత.

ఈసారి దిగుతున్నప్పుడు మ్యాపు మీంచి బొటనవేలు తీయలేదు.

*

నిర్మలకి చెయ్యి తగిలించేసరికి అయిదు జట్లు వెళ్ళిపోయాయి. నిర్మల పళ్ళు బిగించి పరిగెత్తింది. స్వర్ణ కంచె పక్కన గడ్డిలో బోర్లా పడుకుంది. గడ్డి వాసన, గుండె చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు.

నిర్మల ఇద్దరిని దాటి నాలుగోగా వచ్చింది. కడ్డీలు యంత్రంలో పెట్టి చూశారు. మూడు అంచెలూ సరిగ్గా ఉన్నాయి. పతకాలు మూడు జట్లకే.

నిర్మల వచ్చి స్వర్ణ పక్కన కూలబడింది. "నువ్వు ఎనక్కి తిరిగినప్పుడు నిన్ను చంపేద్దామనుకున్నాను," అంది. ఊపిరి తీసుకుంది. "యంత్రం దగ్గర, మన ఎనకాలొచ్చిన ఓ పిల్ల ఏడుస్తోంది. ఆళ్ళది కూడా ఆ బండల దగ్గరే తప్పిందంట. ఆఖర్న తెలిసింది."  తన నీళ్ళ సీసా స్వర్ణ చేతిలో పెట్టింది.

పేపరాయన వచ్చి, పెన్ను తీసి అడిగాడు. "సొంత కొండ మీద దారి తప్పారేంటండీ?"

పక్కనే సర్వేశ్వరరావు గారు ఉన్నారు. ఏదో సర్ది చెప్పబోతున్నారు.

"దారి తప్పలేదండీ," అంది స్వర్ణ లేచి కూర్చుని. "దారి తెలుసు. తెలుసనే చూసుకోలేదు."

ఆయన అది రాసుకున్నాడో లేదో. సర్వేశ్వరరావు గారు ఆమె వైపు చూసి, "మీ అమ్మగారు అక్కడున్నారు, వెళ్ళు," అన్నారు.

రత్నాలు పొలం గట్టు మీద కూర్చుని ఉంది. కూతురిని ముందు కూర్చోబెట్టుకుని, చెంబుతో నీళ్ళు పోసి, ముళ్ళు గీసిన పిక్కలు కడిగింది.  ఒక ముల్లు చర్మంలోనే విరిగి ఉంటే, గోళ్ళతో పట్టి లాగింది. స్వర్ణ కెవ్వుమంది.

"ఏటే, ఇంత గట్టిదానివి, ముల్లుకి ఏడుత్తావా," అంది.

కొంచెం దూరంలో సోంబరు చుట్టూ మనుషులు చేరారు. ఆయన తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. అరకు నుంచి వచ్చిన టీ కొట్టు భీముడు, "ఏటి మామా, మీ గుంట గెలిసిపోయినట్టే వచ్చి ఎనక్కి పారిపోయింది?" అని అడుగుతున్నాడు. జనం నవ్వారు.

"నీకేటి తెలుసురా," అన్నాడు సోంబరు. గొంతు గట్టు మీదికి వినపడేలా పెంచాడు. "పరదేశపోల్లంతా ఒక్కపాలే ఎక్కేరు కొండ. మా గుంట రెండుపాలు ఎక్కింది. రెండుపాలు ఎక్కి దిగి, అయినా ఆల్లలో నాలుగోది. ఒక్కపాలే ఎక్కుంటే ఆల్లెక్కడుందురు, నువ్వే సెప్పు."

జనంలోంచి ఎవరో అవునన్నారు. ఇంకెవరో, రెండుసార్లు ఎక్కడం నిజమే, తామూ చూశామన్నారు.

స్వర్ణ లేవబోయింది. నంబర్ల సంగతి, పెట్టెల సంగతి, తప్పు తనదేనన్న సంగతి తండ్రికి చెప్పాలనుకుంది. రత్నాలు ఆమె మడమ పట్టుకుని కిందికి లాగింది.

"కూకో. ఇంకో ముల్లు ఉంది."

కూర్చుంది. కాలు మాత్రం తల్లి చేతిలో ఇంకా అదురుతూనే ఉంది.